పాపకు ఎండ పడదు

తితికాకా సరస్సు ఒడ్డు, పెరూ
మే 1981

శ్రీవారికి వేదవతి నమస్కరించి రాస్తున్నది.

చేరాను. ఊపిరి తప్ప అన్నీ సరిగానే ఉన్నాయి. ఈ ఊరు మబ్బులకు ఇరుగుపొరుగు. నాలుగు అడుగులు వేస్తే చాలు, తిరుపతి కొండ పరుగెత్తి ఎక్కినట్టు గుండె కొట్టుకుంటోంది.

ఉమ్ రాషిద్ గారు ఏదో పత్రికలో ఒక దుప్పటి బొమ్మ చూసి, మన కుట్టు కేంద్రంలో ఆడపిల్లలకు ఇలాంటి నేత నేర్పాలి, నువ్వు పోయి నేర్చుకుని రా అన్నప్పుడు మహా అయితే కాశ్మీరు పంపిస్తుందనుకున్నాను. చమురు డబ్బు వచ్చాక ఆవిడకు భూగోళం మొత్తం పక్క వీధిలా కనిపిస్తోంది. దోహాలో కుట్టుపని నేర్పుకునేదాన్ని తెచ్చి ఆండీస్ కొండల మీద పెట్టింది.

ఇది కెచువా వాళ్ళ పల్లె. హోటళ్ళు లేవు. ఊరివాళ్ళే తమ ఇళ్ళలో అతిథులకని ఒక్కో గది కట్టుకున్నారు. బయటివాళ్ళు పడవ దిగగానే ఈసారి ఎవరి వంతో చూసుకుని ఆ ఇంటికి తీసుకుపోతారు. అలా నేను నికోలాసా మామ గారి వంతుకు వచ్చాను. మట్టి ఇటుకల గోడలు, రెల్లు కప్పు, తల వంచితే తప్ప లోపలికి రానివ్వని గుమ్మం. మొదటి రోజే నుదురు బొప్పి కట్టింది.

మామ గారు ఎంత మంచివారో చెప్పలేను. గుమ్మంలోనే నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. నా ఒంటిజడ చూసి నవ్వి, పెళ్ళయినవాళ్ళు రెండు వేసుకోవాలని సైగ చేసి, దాన్ని విప్పి స్వయంగా రెండు జడలు అల్లారు. రాత్రి చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే ఆ చప్పుడు విని వచ్చి కంబళ్ళు కప్పారు. అప్పటికీ వణుకు తగ్గకపోతే నా పక్కనే పడుకున్నారు. ఒళ్ళు కుంపటిలా వెచ్చన. హాయిగా నిద్రపట్టింది.

ఈ ఇంటికి అసలు పెద్దదిక్కు మాత్రం పచ్చమామ గారు. ఎవరేం తాగినా మొదటి గుక్క పచ్చమామ గారికే. ఆ అనుమతి లేకుండా పొలంలో గునపం దించరు. నేనింకా చూడలేదు కాని, వచ్చిన దగ్గర్నుంచీ నన్ను చూస్తూనే ఉన్నారట.

వేళకు భోంచేయండి. గోంగూర పచ్చడి ఫ్రిజ్‌లో పై అరలో ఉంది.

ఇట్లు
మీ వేదవతి

తా.క.: వంటింట్లో ఎలుకకు పెద్ద, కుందేలుకు చిన్న అయిన జంతువులు కుయ్ కుయ్ మంటూ కాళ్ళకు అడ్డం తిరుగుతుంటాయి. ఎంత జంతుప్రేమ అని మెచ్చుకున్నాను. నిన్న ఒకటి తగ్గింది. పొయ్యి మీద గిన్నె ఒకటి పెరిగింది. నేను శాకాహారినని సైగలతో చెప్పేసరికి భోజనాల వేళ దాటిపోయింది.


ముషైరిబ్, దోహా
మే చివర

చి.ల.సౌ. వేదవతికి వేణుగోపాలరావు ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం అని రాయడం ఆచారం కనుక రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను. అయినా అందులో మాటలు మారలేదు. ఎవరా నికోలస్? నాకు తెలిసిన మామ ఒక్కరే, మీ నాన్నగారు. ఆయన నన్ను పలకరించడమే అరుదు, కౌగిలించుకోవడం మాట దేవుడెరుగు.

జడ విషయం ఆలోచించాను. మనకు పెళ్ళయి పదకొండేళ్ళయింది. నీ జడకు ఎన్ని పాయలుంటాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది గొప్పగా చెప్పడం లేదు. కాని నాకే తెలియని సంగతి ఒక పరాయి మనిషికి మొదటి రోజే తెలిసిపోవడం నాకు నచ్చలేదు. కంబళ్ళు కప్పడం వరకూ అతిథి మర్యాద అనుకుంటాను. దాని తర్వాత నువ్వు రాసిన వాక్యం ఏ దేశపు మర్యాదో నాకు అర్థం కాలేదు. 'హాయిగా' అన్న మాట రాయకుండా ఉండాల్సింది.

పైగా ఒకరు కాదు, ఇద్దరు మామలు. ఒకడు పక్కన పడుకునేవాడు, ఇంకొకడు కనిపించకుండా చూసేవాడు. రెండోవాడు పచ్చగా ఉన్నాడంటే కామెర్లు అయి ఉండాలి. వాడు తాగిన గ్లాసులో నువ్వు తాగకు.

నాకు ఇక్కడ ఊపిరాడని పని. వారం వారం ఓడ నిండా పైపులు దిగుతున్నాయి. ప్రతిదీ చూసి దించుకునేది నేనే. ఎదురింటి మక్బూల్ మనకు ఏసీ బాగుచేయడానికి వచ్చి, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. భోజనం బాగుందట అని చెప్పాను. నా మొహం చూసి అతను ఇంటికి పోయి ఏం చెప్పాడో, సాయంత్రానికి అతని భార్య మెహర్ సుల్తానా గిన్నెడు పప్పు పంపించింది. కష్టంలో ఉన్న ఇంటికి పంపినట్టే పంపింది. మూత మీద గుడ్డ కూడా కప్పింది.

నువ్వు నేత నేర్చుకోవడానికే వెళ్ళావని ఆ ఇద్దరికీ తెలిసేటట్టు చెప్పు.

ఇట్లు
నీ భర్త (ఈ మాట కింద గీత గీశాను చూడు)
వేణుగోపాలరావు

తా.క.: ఆ నికోలస్ వయసెంత? ఊరికే అడుగుతున్నాను.
ఇంకో తా.క.: ఊరికే కాదు.


తితికాకా సరస్సు ఒడ్డు
జూన్ 1981

శ్రీవారికి వేదవతి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి ఊపిరి అందక మంచం మీద పడిపోయాను. ఈ ఎత్తున అంతగా నవ్వకూడదట. మామ గారు పరుగెత్తుకొచ్చి ఏదో కొండ పుదీనా వాసన చూపించి కూర్చోబెట్టారు.

ఇక్కడి భాషలో మామ అంటే అమ్మ. నికోలాసా అరవై దాటిన ముసలావిడ. ఆవిడ భర్త పేరు మెల్చోర్. ఆయన్ను అందరూ తాత అంటారు, తాత అంటే నాన్న అని అర్థం. మామకు మొగుడు తాత, అదీ ఇక్కడి వరస. ఇక పచ్చమామ అంటే భూమితల్లి. కామెర్లు లేవు.

తప్పు నాదే. పెద్దావిడ కదా అని గౌరవం కొద్దీ 'కౌగిలించుకున్నారు' అని రాశాను. 'కౌగిలించుకుంది' అని రాసి ఉంటే మీకు ఇంత కష్టం వచ్చేది కాదు. ఇకమీదట గౌరవం తగ్గించి రాస్తాను.

అయినా ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళలో నా గురించి మీరు ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తిట్టుకుంటూ రాసినా సరే, దాచుకున్నాను. జడకు మూడు పాయలుంటాయి.

నేత బాగా వస్తోంది. మగ్గం అంటే మన మగ్గంలా కాదు. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నా నడుముకే కట్టేస్తారు. నేను వెనక్కి వాలితే దారం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నేను తుమ్మితే బట్టలో అక్కడ ఒక వంకర వస్తుంది. మామ ఆ వంకరలను విప్పనివ్వదు. ఎవరు నేశారో తెలియాలి కదా అంటుంది.

ఇప్పుడు చలి ముదిరింది. ఇంటిల్లిపాదికీ పాపలతోనే సరిపోతోంది. సాయంత్రం కాగానే పాపలను బయట గడ్డి మీద వరసగా పడుకోబెడతాం. రాత్రంతా మంచు బాగా పట్టాలి. పొద్దెక్కాక చెప్పులు విడిచి, ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని, పాడుకుంటూ పాపలను మెత్తగా తొక్కుతాం. ఒంట్లో నీరంతా పోవాలట, అప్పుడే గట్టిపడడం. మొదటి రోజు నాకు కాళ్ళాడలేదు. ఇప్పుడు మామ కంటే నేనే బాగా తొక్కుతున్నానని తాత మెచ్చుకున్నాడు.

మీరు మెహర్ సుల్తానాకు నా సలాం చెప్పండి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి, కాస్త చక్కెరైనా వేసి ఇవ్వండి.

ఇట్లు
మీ వేదవతి

తా.క.: మామ నాకు ఒక పాపను ఇస్తానంటోంది. ఎర్రగా, బొద్దుగా, చూడగానే చేతుల్లోకి తీసుకోవాలనిపిస్తుంది. తీసుకుపోయి దోహాలో పెంచుకోమంటోంది. నాకూ ఆశగానే ఉంది. కాని ఈ చలిలో పుట్టిన పాపకు మన ఎండ పడదేమోనని భయం. మీరేమంటారు?


ముషైరిబ్, దోహా
జూలై 1981

చి.ల.సౌ. వేదవతికి వేణుగోపాలరావు ఆశీస్సులు.

మామ విషయంలో తొందరపడ్డాను. ఆ పెద్దావిడకు నా నమస్కారం చెప్పు. నేనేం అనుకున్నానో మాత్రం చెప్పకు.

ఇక పాప సంగతి. తీసుకురా.

ఎండ గురించి బెంగ పెట్టుకోకు. చిన్న గదిలోని పాత సామానంతా తీసేయించాను. గోడలకు లేత పసుపు రంగు వేశాను. నేనే వేశాను, అందుకే కిటికీ అద్దం కూడా కొంత పసుపయింది. మక్బూల్ ఆ గదికి విడిగా ఏసీ బిగించాడు. తితికాకా చలి ఎంతుంటుందో చెప్పండి, అంతకు తిప్పుతానంటున్నాడు. రంజాన్ గనుక ఆఫీసు మధ్యాహ్నానికే అయిపోతోంది, పనులకు తీరిక దొరికింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ క్యాంప్‌కు వెళ్ళి గంగన్నను కలిశాను. జగిత్యాల వైపు మనిషి, మంచి వడ్రంగి. ఉయ్యాల కావాలన్నాను. అతను చెవి మీది పెన్సిలు తీశాడు. తర్వాత అడిగాడు.

"పోరియా, పోరడా సార్?"

పాప అన్నాను.

"పోరి అయితే గీ ఎత్తు సాలు. పోరడైతే అంచులు ఇంకింత లేపాలె, దుంకుతడు."

పంపులు దిగిన చెక్కపెట్టెలు విప్పి, ఆ కలపతోనే చేశాడు. ఒక పలక మీద 'ఇటు వైపు పైకి' అని ఇంగ్లీషులో పెద్ద ముద్ర ఉంది. చెక్కేయమంటే వినలేదు. పడుకోబెట్టేటప్పుడు మీకే అక్కరకొస్తది సార్ అని దాన్ని తలవైపు బిగించాడు. క్యాంప్‌లో కబురు పాకిపోయింది. ముత్యం అనే మేస్త్రీ తన ఊరి నుంచి తెచ్చుకున్న మెత్తటి పాత పంచె ఒకటి ఇచ్చి పోయిండు. చూశావా, వాళ్ళతో తిరిగి 'పోయిండు' అని రాసేశాను.

తొక్కడం గురించి రాశావు. మొదట గుండె ఆగింది. తర్వాత ఆలోచించాను. మన అమ్మమ్మలు కూడా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముక్కు పిండి, చేతులు వెనక్కి విరిచి లాల పోసేవాళ్ళు కదా. ఎవరి పద్ధతి వాళ్ళది. కాని మన పాపను మాత్రం ఇక తొక్కనివ్వకు.

నాలుగేళ్ళ కిందట నువ్వు ఒకసారి నన్ను ఈ మాటే అడిగావు. నేను లేచి, ఏసీ ఏదో చప్పుడు చేస్తోందని చూడడానికి వెళ్ళిపోయాను. ఇప్పుడు ఏసీ కొత్తది. చప్పుడు లేదు.

ఇట్లు
నీ వేణుగోపాలరావు

తా.క.: కళ్ళు ఎలా ఉన్నాయి? రాయలేదు.
ఇంకో తా.క.: పాప ఏ భాషలో ఏడుస్తుందో కనుక్కోమంటోంది మెహర్ సుల్తానా. ఉర్దూలో జోకొడితే నిద్రపోతుందా అని ఆమెకు అనుమానం.


తితికాకా సరస్సు ఒడ్డు
జూలై చివర

శ్రీవారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను. నేరుగా చెప్పేస్తాను. పాప అంటే ఇక్కడ బంగాళాదుంప.

దుంపలను మంచుకు గడ్డకట్టించి, తొక్కి, ఎండబెడతారు. వాటిని ఏళ్ళ తరబడి దాచుకుని తింటారు. పొద్దస్తమానం వింటూ వింటూ ఆ మాట నా నోటికి ఎంత అలవాటయిందంటే, తెలుగులో రాసేటప్పుడు అది వేరే మాట అన్న ధ్యాసే లేకపోయింది. మామ ఇస్తానన్నది ఒక ఎర్ర విత్తనపు దుంప. కళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. మొలక వచ్చే గుంటలనే దుంప కళ్ళంటారు, తొమ్మిది ఉన్నాయి.

మీ ఉత్తరం చదవడం మొదలుపెట్టినప్పుడు నవ్వాను. గంగన్న దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఏసీ మాట దగ్గర ఏడ్చాను. మామ మగ్గం వదిలి వచ్చి ఏమైందని అడిగింది. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలూ అయిపోయాక, చేతులతో ఉయ్యాల ఊపి చూపించాను. దుంప చూపించాను. మీరు గోడకు రంగు వేయడం చూపించాను. మామ నేల మీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తాతను పిలిచి చెప్పింది. తాత పక్కింటివాళ్ళకు చెప్పాడు. ఇప్పుడు దారిలో ఎవరు ఎదురైనా నాకు ఉయ్యాల ఊపి చూపిస్తున్నారు.

కాని నవ్వు అయిపోయాక మామ లేచి, పిల్లలను మోసే రంగుల బట్ట తెచ్చింది. అందులో ఆ దుంపను చుట్టి నా వీపుకు కట్టి, ఛాతీ మీద ముడి వేసింది. ఇదేమిటని అడిగాను. తిరిగి మాట్లాడడం రాదు కాని, ఆవిడ మాటలు ఇప్పుడు చాలావరకు అర్థమవుతున్నాయి. వీపు ముందు నుంచే అలవాటు పడాలి అంది. నేను కాదని చెప్పబోయాను. మీ ఇద్దరికీ ఇంకా పిల్లలు లేరు, ఎప్పుడొస్తారని వచ్చిన రోజు నుంచీ అడగాలనుకుంటున్నాను, అడగకూడదని ఊరుకున్నాను అంది. ఈవిడ అయిదుగురిని కన్నది. ఆరోవాడు ఎవరో వదిలేస్తే తెచ్చుకున్నవాడట. వాళ్ళలో ఆరోవాడు ఎవరో ఇన్ని నెలలుగా చూస్తున్నా నాకు తెలియలేదు. అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది.

ఆ సాయంత్రం నా మగ్గం మీది దుప్పటిని పక్కన పెట్టించి, సన్నటి పట్టీ ఒకటి మొదలుపెట్టించింది. పసిపిల్లలను చుట్టే పట్టీ. నేను వద్దనలేకపోయాను.

మీకు ఎంత నగుబాటయిందో తలుచుకుంటే భయంగా ఉంది. క్యాంప్‌లో అందరికీ ఏం చెబుతారు? ఉయ్యాల గంగన్నకు తిరిగి ఇచ్చేయండి. మెహర్ సుల్తానాకు నేనే వచ్చి చెప్పుకుంటాను. లేదా ఉయ్యాల ఉండనివ్వండి. మీ ఇష్టం. నేను అక్కడ లేను కనుక మీరు ఏసీ చూడడానికి లేచిపోయినా నాకు తెలియదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను: నాకు ఇప్పటికీ కావాలనే ఉంది.

ఇట్లు
మీ వేదవతి

తా.క.: దుంపకు చీకటి, చల్లదనం కావాలట. గదికి కిటికీ అద్దం పసుపయిందన్నారు కదా, దానికది చాలు. మక్బూల్ కష్టం వృథా పోదు.


ముషైరిబ్, దోహా
ఆగస్టు 1981

వేదా,

ఉయ్యాల తిరిగి ఇవ్వను.

పాప అంటే బంగాళాదుంప అని నేను కిందటి ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు.

నీ జూన్ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. భోజనం దగ్గర విప్పాను. మంచులో పడుకోబెట్టడం, తొక్కడం చదివి చెమట పట్టింది. తా.క. దగ్గరకు వచ్చేసరికి అవన్నీ మరిచిపోయాను. ఎర్రగా, బొద్దుగా ఉన్న పాపను తెస్తున్నావు. ఆ మధ్యాహ్నమంతా నేను పైపుల మధ్య ఒక పిల్ల తండ్రిలా తిరిగాను. ఎండ తెలియలేదు. ఒక ఫోర్‌మన్ వంకర పైపు తెచ్చి చూపిస్తే, ఫరవాలేదులే అన్నానట. నేను ఆ మాట అనడం ఆ యార్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం కంపెనీ బస్సులో రామోన్ పక్కన కూర్చున్నాను. వెల్డింగులు తనిఖీ చేయడానికి వెనిజులా నుంచి వచ్చినవాడు, అతని భాష స్పానిషే. పెరూలో పిల్లలను ఎందుకు తొక్కుతారని అడిగాను. విషయం అర్థమయ్యాక అతను నవ్విన నవ్వుకు డ్రైవరు బస్సు ఆపి వెనక్కి చూశాడు. పాప అంటే దుంప అని చేతిలో గుండ్రంగా చూపించి మరీ చెప్పాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంటికి ఎవరో వచ్చి, నేను తలుపు తీసేలోపలే వెళ్ళిపోయినట్టు అనిపించింది. ఆ పూట నేను ఇంటికి పోలేదు. ముషైరిబ్ దగ్గర దిగకుండా అదే బస్సులో క్యాంప్ దాకా వెళ్ళి, గంగన్నకు ఉయ్యాల చెప్పాను.

నాలుగేళ్ళ కిందట నువ్వడిగినప్పుడు నేను వద్దనలేదు. సరే అనడానికి నోరు పెగల్లేదు, అంతే. మర్నాడు చెబుదామనుకున్నాను. వారం గడిచింది. ఆ తర్వాత ఎప్పుడో అన్నం తింటూ హఠాత్తుగా 'సరే' అంటే, దేనికి సరే అని నువ్వు అడుగుతావేమోనని ఊరుకున్నాను. ఇన్నాళ్ళకు నువ్వే 'మీరేమంటారు' అని రాశావు. నువ్వు అడిగింది దుంప గురించే. నేను మాత్రం నా జవాబు రాసుకున్నాను. అది చదివి నువ్వు నవ్వేసి ఊరుకుంటే, నేనూ పొరపాటు పడ్డానని నవ్వేద్దామనుకున్నాను. నువ్వు నవ్వి ఊరుకోలేదు.

కాకినాడలో మీ లలితకుమారి పిన్ని పనిచేసే శిశుసదనం సంగతి నువ్వే అప్పట్లో చెప్పావు. ఆవిడకు జూలైలోనే రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఏడాది దాటిన ఆడపిల్ల ఉందట. ఎవరెత్తుకున్నా ముందు కళ్ళజోడు లాగేస్తుందట. మీ ఆయన తట్టుకోగలడా అని పిన్ని అడిగింది. నా కళ్ళజోడు పాతదే అని జవాబు రాశాను. కాగితాల పనికి మనం ఇద్దరం అక్కడ ఉండాలి.

కనుక నువ్వు దోహా రావద్దు. ఉమ్ రాషిద్ గారి ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పుకున్నాను. ఆవిడ చాలాసేపు విని, నేత ఎక్కడికీ పోదు అని, నీ టిక్కెట్టు బొంబాయికి మార్పించింది. నేను నీకంటే ముందే వచ్చి విమానాశ్రయంలో ఉంటాను. నీ పట్టీ పూర్తి కాకపోయినా తీసుకురా. మిగతాది రైల్లో నేసుకో, గుంజకు కట్టే కొస నా నడుముకు కట్టుకోవచ్చు.

మామకూ తాతకూ నా నమస్కారాలు. ఈసారి మర్యాదకు రాయడం లేదు.

నీ
వేణు

తా.క.: సెలవు చీటీలో కారణం రాయమన్నారు. ఏం రాయాలో తోచక 'డెలివరీ' అని రాశాను. మేనేజరు పైపులనుకుని సంతకం పెట్టేశాడు. దించేటప్పుడు దగ్గరుండి చూసుకో, దెబ్బ తగలనివ్వకు అని కూడా చెప్పాడు.